మతం, కులం, భాష వేరైన క్లయింటుతో మొదటి సెషన్ ఎలా చేయాలి

సైదులు, మస్తానమ్మ, దస్తగిరి, పీరయ్య. ఫైలు మీద ఈ పేర్లు చూసి మతం చెప్పగలరా? సూర్యాపేట, నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్నాక పుట్టాడని హిందూ ఇళ్ళలో కూడా కొడుక్కి సైదులు అని పెట్టుకుంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మస్తాన్ అనే పేరు రెండు మతాల్లోనూ ఉంది. దూదేకుల ఇంట్లో పుట్టిన మనిషికి ఉర్దూ ఒక్క ముక్క రాకపోవచ్చు. సుబ్బారావు గారు ఆదివారం చర్చిలో వాక్యం చెప్పే పాస్టరు కావచ్చు. పేరు చూసి మీరు ఊహించుకున్నది తప్పయితే క్లయింటుకు అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆయన మీకు నచ్చే జవాబులు చెబుతారు. తన మీద గడిచింది మాత్రం చెప్పరు.

తెలుగు రాష్ట్రాల్లో పనిచేసే కౌన్సెలర్లు, సైకాలజీ చదువుతూ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్ళు, మానసిక వైద్య విభాగాల్లో కేసు హిస్టరీ రాసే సోషల్ వర్కర్లు నేరుగా వాడుకోవడానికి ఇది రాస్తున్నాం. దీనికి పునాది కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ, క్లుప్తంగా సీఎఫ్ఐ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-5తో పాటు దీన్ని తెచ్చింది. క్లయింటు తన బాధను తన సంస్కృతిలోంచి ఎలా చూస్తున్నారో అడిగే ఇంటర్వ్యూ ఇది, మొత్తం 16 ప్రశ్నలు. తయారీ దశలో ఆరు దేశాల్లో పరీక్షించారు, అందులో మన దేశం ఒకటి. మొదటి మూడు ప్రశ్నలు సమస్యను క్లయింటు ఏమని పిలుస్తున్నారన్న దాని గురించి. 4 నుంచి 10 వరకు కారణం, అండ, ఒత్తిడి, గుర్తింపు. 11 నుంచి 13 వరకు ఇంతకుముందు చేసుకున్న ప్రయత్నాలు. చివరి మూడూ ఇప్పుడు కావలసిన సాయం గురించి. ఇంగ్లీషు ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించితే కొన్ని అర్థం కావు, కొన్ని అవమానంగా వినబడతాయి. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ముస్లింలు ఇలా ఉంటారు, క్రైస్తవులు అలా ఉంటారు, లంబాడాలు ఇలా నమ్ముతారు అని పట్టికలు బట్టీ పట్టకండి. ఒకే చర్చికి వెళ్ళే తల్లీకూతుళ్ళ నమ్మకాలే ఒకటి కావు. కడపలో ఉగాది నాడు దేవుని కడప గుడికి వచ్చే ముస్లింలున్నారు. నెల్లూరు బారా షహీద్ దర్గాలో రొట్టె మార్చుకునే హిందువులున్నారు. పీర్ల పండగకు సవారి ఎత్తుకునే ఊళ్ళు తెలంగాణ నిండా ఉన్నాయి. పట్టికలో ఇమడని ఈ మనుషులే రేపు మీ ఎదుట కూర్చుంటారు.

తలుపు తెరిచే ముందు

పది నిమిషాలు మీ కోసం పెట్టుకోండి. తెల్లకాగితం మీద మూడు విషయాలు రాయండి. ఈ పేరు, ఊరు, వయసు చూడగానే నాకేం తట్టింది? ఈ కులం గురించి, ఈ మతం గురించి చిన్నప్పుడు మా ఇంట్లో ఏం విన్నాను? ఈ మనిషి ఏం చెబితే నాకు ఇబ్బందిగా ఉంటుంది? ఆ కాగితం ఫైల్లో పెట్టకండి, చించేయండి. రెండో జవాబు మాత్రం సీనియర్‌తో కేసులు చర్చించే సూపర్విజన్‌లో తప్పకుండా మాట్లాడండి. "నాకేం తేడా లేదు, అందరూ సమానమే" అని రాసినవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ఆ మాట మంచి మనసుతోనే అంటారు. కానీ తన మతం చెప్పగానే అద్దె ఇల్లు లేదనిపించుకుని వీధులు తిరుగుతున్న మనిషికి మీరలా అంటే, తన కష్టం మీ కంటికి ఆనలేదని అర్థమవుతుంది.

గది సంగతి. దేవుడి పటం క్లయింటు కుర్చీకి ఎదురుగా లేకుండా చూడండి. పటం కన్నా ముఖ్యమైంది మంచినీళ్ళ గ్లాసు. మీకు స్టీలు గ్లాసు, వచ్చినవాళ్ళకు వాడి పారేసే కప్పు అనే ఏర్పాటు ఉంటే ఈ రోజే మార్చండి. టీ కొట్లో రెండు గ్లాసుల పద్ధతి చూసి పెరిగిన మనిషి, మీరు నోరు తెరవక ముందే ఆ గ్లాసులో మీ జవాబు చదువుకుంటారు.

దుబాసీ అవసరమైతే ముందే చూసుకోండి. గోర్‌బోలీ (లంబాడాల భాష), గోండీ, కోయ, సవర, ఉర్దూ, ఏదైనా సరే, క్లయింటు పిల్లల్ని, భర్తని, ఊరి పెద్దని దుబాసీగా కూర్చోబెట్టవద్దు. తండ్రి ఆత్మహత్య ఆలోచనను పన్నెండేళ్ళ కూతురి నోటితో వినడం ఆ పాపకు చేసే అన్యాయం. దుబాసీతో సెషన్‌కు ముందు అయిదు నిమిషాలు మాట్లాడి మూడు విషయాలు ఒప్పించండి: "నేను" అని క్లయింటు అన్నట్టే చెప్పాలి, కుదించకూడదు, తెలుగులో సరైన మాట లేకపోతే అసలు మాటనే చెప్పాలి. ముగ్గురూ ముక్కోణంలో కూర్చోండి. మీ చూపు క్లయింటు మీదే ఉండాలి. ఆమె రెండు నిమిషాలు చెప్పిన దాన్ని దుబాసీ "భయమట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అక్కడే ఆపి మళ్ళీ చెప్పించండి. సమయం రెట్టింపు పడుతుంది. గంట సెషన్ అయితే రెండు గంటలు ఖాళీ పెట్టుకోండి.

పలకరింపు

అందరినీ "మీరు" అనండి. పేరు చివర "గారు" చేర్చండి. ఇది చాదస్తం కాదు. మన ఆసుపత్రుల్లో ప్యాంటు చొక్కా వేసుకున్నవాళ్ళకు "మీరు", తండా నుంచీ గూడెం నుంచీ వచ్చినవాళ్ళకు "నువ్వు" అనే అలవాటు పాతుకుపోయింది. ఆ తేడా వాళ్ళ చెవికి వెంటనే తగులుతుంది. క్లయింటు మిమ్మల్ని "నువ్వు" అంటే దిద్దకండి. తెలంగాణ పల్లెల్లో అది ఆప్యాయత. మీరు మాత్రం "మీరు" అనే పిలుపు మార్చకండి.

పేరు చూసి సలామో, వందనాలో ముందుగా చెప్పకండి. నమస్తే చాలు. ఆయన "ప్రైజ్ ద లార్డ్" అంటే చిరునవ్వుతో అందుకోండి. మీది కాని నమ్మకాన్ని నటించవద్దు.

మొదటి మూడు ప్రశ్నలు: సమస్యకు వాళ్ళు పెట్టిన పేరు

ఇంగ్లీషులో మొదటి ప్రశ్నను తెలుగు చేస్తే "ఎందుకొచ్చారు?" అవుతుంది. అది వచ్చినందుకు తప్పు పట్టినట్టుంటుంది. ఇలా అడగండి: "ఏం ఇబ్బందిగా ఉందో మీ మాటల్లో చెప్పండి. తొందరేం లేదు." రెండోది: "ఇంట్లోవాళ్ళకు దీన్ని ఏమని చెప్పారు?" మూడోది: "వీటన్నిటిలో మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది ఏది?" మూడోదానికి వచ్చే జవాబు చాలాసార్లు లక్షణం అయివుండదు. నిద్ర పట్టడం లేదనో, గుండె దడ అనో వచ్చిన మనిషి "నాకిలా ఉందని తెలిస్తే చెల్లి పెళ్ళి ఆగిపోతుంది" అంటారు. వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

వాళ్ళు వాడిన మాటను అక్షరం మార్చకుండా రాసుకోండి. బెంగ, దిగులు, రంది, బుగులు, మనాది, గాబరా, నరాల వీక్‌నెస్: వీటిని వెంటనే "డిప్రెషన్", "యాంగ్జైటీ" అని మార్చి రాస్తే సగం సమాచారం పోతుంది. మనాదిలో పోయినవాళ్ళ మీదా దూరమైనవాళ్ళ మీదా మనసు పీకడం ఉంది. బుగులులో భయం ఉంది. రెండింటికీ ఒకే సలహా పనికిరాదు.

మాట ఒకటే అయినా అర్థం వేరయ్యే చోట ఇంకా జాగ్రత్త. చర్చిలో పెరిగిన మనిషి "నాకు సమాధానం లేదండి" అంటే జవాబు లేదని కాదు, మనశ్శాంతి లేదని. తెలుగు బైబిల్లో శాంతికి వాడిన మాట సమాధానం. "శోధనలో ఉన్నాను" అంటే ఏదో వెతుకుతున్నారని కాదు, పరీక్షలాంటి కష్టంలో ఉన్నారని. ముస్లిం ఇంటి నుంచి వచ్చినావిడ "సబర్ చేస్తున్నా" అంటే చేతులు ముడుచుకు కూర్చున్నారని అనుకోకండి, ఆమె దృష్టిలో అది రోజూ చేస్తున్న పని. తెలియని మాట వినబడగానే తెలిసినట్టు తలూపకుండా "ఆ మాటకు మీ ఇంట్లో అర్థం ఏమిటి?" అని అడగండి. ఇలా అడిగితే చులకన అయిపోతామని కొత్త కౌన్సెలర్లు భయపడతారు. నిజానికి క్లయింటు నిటారుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టేది అప్పుడే.

కారణం అడిగే తీరు

"దీనికి కారణం ఏమిటి?" అంటే "తప్పెవరిది?" అన్నట్టు వినబడుతుంది. క్లయింటు నేల చూపులు చూస్తారు. "ఇది ఎందుకిలా అయిందంటారు? డాక్టరు చెప్పింది పక్కన పెట్టండి. రాత్రి నిద్ర పట్టనప్పుడు మీకు తోచేది చెప్పండి" అనండి. ఆ వెంటనే అయిదో ప్రశ్న: "ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు? మీ అత్తగారు? వీధిలోవాళ్ళు?" ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం కొలవండి. క్లయింటు ఉద్యోగ ఒత్తిడి అంటున్నారు, తల్లి దిష్టి అంటున్నారు, భర్త నటన అంటున్నారు. మందులు ఎవరి చేతిలో ఉంటాయో, మానిపించేది ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది.

చేతబడి, బాణామతి, జిన్, ఆసేబ్, దురాత్మ అనే మాట వచ్చినప్పుడు వాదించవద్దు, ఒప్పుకోవద్దు. "ఎవరో చేయించారని మీకు అనిపిస్తోంది. అలా అనిపించడం ఎప్పుడు మొదలైంది?" అంటే చాలు. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ వదలకండి: "ఫలానా మనిషే చేశారని అనుమానం ఉందా? వాళ్ళను ఏమైనా చేయాలని మీకు గానీ, ఇంట్లోవాళ్ళకు గానీ ఉందా?" బాణామతి అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలున్నాయి. అవతల ఉండేది చాలాసార్లు ఒంటరి ముసలివాళ్ళు. అనుమానం ఒక పేరు మీద నిలిచిందంటే అది నమ్మకం గురించిన చర్చ కాదు, ప్రాణాపాయం. ఆ రోజే సీనియర్‌కు చెప్పాలి.

ఆరు, ఏడు ప్రశ్నలు అండ గురించి, ఒత్తిడి గురించి. రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆశ్చర్యపోకండి. చర్చి సంఘంలో వాళ్ళు నెలకు సరిపడా బియ్యం ఇచ్చి ఉంటారు, విడాకుల సంగతి తెలిసి ముఖం చాటేసీ ఉంటారు.

ఎనిమిది నుంచి పది: గుర్తింపు గురించి అడగడం

మొత్తం ఇంటర్వ్యూలో కష్టమైన చోటు ఇదే. "మీ గుర్తింపులో ముఖ్యమైన అంశాలేమిటి?" అని అడిగి చూడండి, క్లయింటు ఆధార్ కార్డు తీస్తారు. "నేపథ్యం" పత్రికల మాట. సరే మామూలు తెలుగులో అడుగుదామని "మీరేమిట్లు?", "మీ వాళ్ళెవరు?" అంటే అది నేరుగా కులం అడగడమే. కోస్తాలో ఆ ప్రశ్న వినగానే గుండె జారిపోయేవాళ్ళున్నారు. అద్దె ఇంటి ఓనరు, హాస్టల్ వార్డెన్, పెళ్ళి సంబంధం తెచ్చినవాడు, అందరూ అడిగింది అదే మరి.

పనిచేసే రూపం ఇది. ముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పండి, తర్వాత వరుస ఇచ్చి ఎంచుకోనివ్వండి: "ఒక్కొక్కరికి ఒక్కో సంగతి ముఖ్యం. ఊరు, భాష, కులం, మతం, చదువు, ఉద్యోగం, ఆడ మగ అనేది, ఇంట్లో పెద్దవాళ్ళా చిన్నవాళ్ళా అనేది. వీటిలో మీకు ముఖ్యం ఏవి? వేటి వల్ల ఈ బాధ ఎక్కువవుతోంది? చెప్పడం ఇష్టం లేనివి వదిలేయొచ్చు." చివరి వాక్యం మరిచిపోకండి. వదిలేసిన చోటును మనసులో గుర్తు పెట్టుకోండి, మూడో నాలుగో సెషన్‌లో దానంతట అదే వస్తుంది.

నేరుగా అడిగితే రాని జవాబు భాష గురించి అడిగితే వస్తుంది. హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న లంబాడా కుర్రాడితో ఇలా సాగవచ్చు:

"హాస్టల్లో ఏ భాష మాట్లాడతారు?"
"తెలుగే సార్."
"ఇంటికి ఫోన్ చేస్తే?"
"మా భాషలో. బయటికి వెళ్ళి మాట్లాడతా."
"బయటికంటే?"
"మెట్ల మీదకి. పైన ట్యాంకు దగ్గర."

రోజూ రాత్రి తల్లితో మాట్లాడటానికి నాలుగు అంతస్తులు ఎక్కుతున్నాడంటే రూమ్మేట్లకు తాను లంబాడా అని తెలియకూడదని అర్థం. "మీకు వివక్ష ఎదురవుతోందా?" అని అడిగితే "లేదు సార్" అనేవాడు. వివక్ష ఎదురవకుండా అంత కష్టపడుతున్నాడు కాబట్టి ఆ జవాబు అబద్ధమూ కాదు. ఈ దాచుకోవడానికి అయ్యే శ్రమే అతని తలనొప్పికీ, చదువు మీద ధ్యాస నిలవకపోవడానికీ మూలం కావచ్చు. అక్కడ ఆగి, "ట్యాంకు దగ్గర కాకుండా గదిలోనే మాట్లాడితే ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడగండి. ధైర్యంగా చెప్పేయమని సలహా ఇవ్వకండి. ఆ గదిలో ఉండాల్సింది అతను. ఇదే కుటుంబం బంధువులు సరిహద్దు దాటి కర్ణాటకలో ఉంటే అక్కడ షెడ్యూల్డ్ కులం, తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. ప్రభుత్వ జాబితాకు ఒక పేరు, మనిషి లోపల ఇంకో పేరు. మీకు కావలసింది రెండోది.

విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలతో ఆన్‌లైన్ సెషన్ చేసేవాళ్ళకు ఈ మూడు ప్రశ్నలే ప్రాణం. తల్లిదండ్రుల ఫిర్యాదు "వీడికి మన సంస్కృతి పట్టదు" అని ఉంటుంది. పిల్లాడి బాధ వేరేగా ఉంటుంది: బడిలో ఇండియన్, ఇండియాలో అమెరికన్. తల్లిదండ్రుల్ని పక్కన కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగకండి. కొలమానం కావాలంటే మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ ఫిన్నీ 1992లో తయారుచేసిన జాతి గుర్తింపు ప్రశ్నావళికి 2007లో వచ్చిన ఆరు వాక్యాల రూపం ఉంది. మూడు వాక్యాలు తన సమూహం గురించి ఎంత వెతికి తెలుసుకున్నాడనేది, మూడు దానితో ఎంత ముడిపడ్డాడనేది కొలుస్తాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, సగటు తీయాలి. తెలుగులో వాడాలంటే ఒకరు అనువదించి, అసలు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషు చేసి, రెండూ పోల్చాలి. ఆ తర్వాత పదిమందితో గట్టిగా చదివించి ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. "నా జాతి" అనే మాట దగ్గరే అందరూ ఆగుతారు. కులమా, భాషా, దేశమా? ఏదో ఒకటి మీరే నిర్ణయించి పైన రాయకపోతే వచ్చిన అంకెకు అర్థం ఉండదు.

ఫైల్లో మతం గడి

ఈ చిన్న గడి వల్ల ఒక కుటుంబం రోడ్డున పడగలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సి కింద లెక్కిస్తారు. అందుకే ఆదివారం చర్చికి వెళ్తూ సర్టిఫికెట్‌లో హిందువుగా ఉన్న కుటుంబాలు పల్లెపల్లెనా ఉన్నాయి. ఉద్యోగం, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఆ కాగితం మీద నిలబడి ఉంటాయి. ఆ భయం మీ గదిలోకి కూడా వస్తుంది: "ప్రార్థన వల్ల ఊరట" అని చెప్పాలా వద్దా?

కాబట్టి ప్రశ్నకు ముందే చెప్పండి: "మీరు చెప్పింది ఈ ఫైలు దాటదు. మతం గడిలో ఏం రాయాలో మీరే చెప్పండి, ఖాళీగా వదిలినా పర్వాలేదు." మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మానసిక రోగి వివరాల గోప్యతకు హక్కు ఇస్తోంది. 18వ సెక్షన్ మతం, కులం, సంస్కృతి, లింగం లాంటి వాటి ఆధారంగా వివక్ష లేకుండా వైద్యం అందాలంటోంది. గోప్యతకు ఉన్న మినహాయింపు, అంటే తనకో ఇతరులకో ప్రాణహాని ఉన్న సందర్భం, అదీ అప్పుడే చెప్పేయండి. నోట్సులో "ప్రార్థన సమూహం నుంచి అండ ఉంది" అని రాస్తే వైద్యానికి సరిపోతుంది. చర్చి పేరు, బాప్తిస్మం తేదీ రాయాల్సిన పని లేదు.

ఇంతకుముందు ఎక్కడెక్కడ చూపించుకున్నారు

"వేరే వైద్యం ఏదైనా చేయించారా?" అంటే "లేదు" అంటారు. మెడలో తాయెత్తు కనబడుతూనే ఉంటుంది. డాక్టర్లు తిడతారని దాస్తారు. ఇలా అడగండి: "ఇక్కడికి వచ్చేముందు చాలామంది గుడికో, దర్గాకో, ప్రార్థనకో, సోది చెప్పేవాళ్ళ దగ్గరికో, ఆర్ఎంపీ దగ్గరికో వెళ్ళివస్తారు. మీరూ ఎక్కడికైనా వెళ్ళారా? అక్కడ ఏం చేశారు? ఎంత హాయిగా అనిపించింది? ఎంత ఖర్చయింది?" నాలుగు ప్రశ్నలూ అడగాలి. ఖర్చు అడిగితేనే అప్పు సంగతి బయటపడుతుంది.

గుడికి వెళ్ళడాన్ని తక్కువ చేయకండి. తమిళనాడులోని ఒక గుడిలో ఉండి వెళ్ళిన తీవ్ర మానసిక రోగులను పరిశీలిస్తే, మందులేవీ లేకుండానే లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గిందని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కొట్టనిచోటు, అన్నం పెట్టేచోటు, పక్కన ఇంటి మనిషి ఉండేచోటు మనిషికి మేలు చేస్తుంది. అదే తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ నడిచిన ఆశ్రమాల్లో ఒకదానికి 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు కదల్లేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంటోంది. కనుక గీత ఎక్కడ గీయాలో తెలుసుకోండి: దీపం, దువా, ప్రార్థన, తాయెత్తు, మొక్కు ఉండనివ్వండి. కట్టేయడం, కొట్టడం, మిరపకాయల పొగ, అన్నం నీళ్ళు మాన్పించడం, మందులు ఆపించడం, ఇల్లు తాకట్టు పెట్టించడం దగ్గర మెత్తగా కాకుండా గట్టిగా మాట్లాడండి.

ఉపవాసాల సంగతి ప్రత్యేకంగా అడగాలి. రంజాన్, క్రైస్తవుల శ్రమల దినాలు, అయ్యప్ప దీక్ష, ఏదైనా "మందులు ఎలా వేసుకుంటున్నారు?" అనండి. బైపోలార్ లాంటి జబ్బులకు ఇచ్చే లిథియం మందు వాడుతున్నవాళ్ళు పగలంతా నీళ్ళు తాగకపోతే ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో లిథియం మోతాదు ప్రమాదస్థాయికి చేరవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే అత్యవసరం, ఆసుపత్రికి పంపండి. ఉపవాసం మానమని మీరు చెప్పకండి. నెల రోజుల ముందే సైకియాట్రిస్టు దగ్గర కూర్చోబెట్టి, ఇఫ్తార్‌కు, సహర్‌కు సరిపోయేలా వేళలు మార్చవచ్చా, రక్తపరీక్ష ఎప్పుడు చేయాలి, అసలు ఉపవాసం సురక్షితమేనా అని తేల్చుకోమనండి. అనారోగ్యంతో ఉన్నవాళ్ళకు రోజా నుంచి మినహాయింపు ఉందని చాలామంది క్లయింట్లకు తెలుసు. ఆ మాట మీ నోటి నుంచి కన్నా వాళ్ళు గౌరవించే ఇమామ్ నోటి నుంచి వస్తే మనసుకు కష్టం ఉండదు.

పూనకమా, జబ్బా

సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం రోజున పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమెకు జబ్బు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా మతాచారంలో భాగంగా సమాజం అంగీకరించిన పూనకాన్ని రుగ్మత కింద లెక్కపెట్టదు. మన 2017 చట్టం 3వ సెక్షన్, ఒక మత సమూహానికి చెందినందుకు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళ మతవిశ్వాసాలకు తలవంచనందుకు గానీ మానసిక జబ్బు అని ముద్ర వేయకూడదంటోంది.

తేల్చుకోవడానికి వేళ, చోటు, అదుపు, తర్వాత అనే నాలుగు చూడండి. జాతరలో, డప్పు మోగినప్పుడు వచ్చి, హారతితో దిగిపోయి, మర్నాడు మామూలుగా పొలానికి వెళ్తే సరే. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ, వద్దనుకున్నా వచ్చి, దిగాక రోజుల తరబడి మంచం పడితే చూడాలి. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది: ఆ ఊళ్ళో పూనకం వచ్చే పెద్దామెనే అడిగించండి, "ఇది మన పూనకంలా ఉందా?" అని. "కాదు, ఇది వేరే" అని ఆమె అంటే చెవిన పెట్టండి. నాలుక కరుచుకోవడం, బట్టల్లో మూత్రం పోవడం, జ్వరం, కాన్పు అయిన కొద్ది రోజుల్లో మొదలవడం, నలభై దాటాక మొట్టమొదటిసారి రావడం, "చంపు", "చావు" అని గొంతు ఆజ్ఞాపించడం వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యపరీక్షకు పంపండి.

చావు గురించి

ఆత్మహత్య మహాపాపమని నమ్మే ఇళ్ళలో "చచ్చిపోవాలనిపిస్తోందా?" అంటే "ఛ ఛ" అంటారు. అదే మనిషి "దేవుడు తీసుకుపోతే బాగుండు", "యేసయ్య పిలిస్తే వెళ్ళిపోతా", "అల్లా ఎందుకింకా ఉంచాడో" అంటారు. ఆ వాక్యం దగ్గర ఆగండి. "ఆయన తీసుకుపోవాలనే కాకుండా, మీరే ఏదైనా చేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని స్పష్టంగా అడగండి. అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. "ఆ పని చేయకుండా మిమ్మల్ని ఆపింది ఏది?" అనేది తర్వాతి ప్రశ్న. పిల్లలనో, దేవుడికి ఇచ్చిన మాటనో జవాబు వస్తే అది రక్షణ, అక్షరం మార్చకుండా రాసుకోండి. ఏమీ లేదంటే ఒంటరిగా ఇంటికి పంపకండి. 24 గంటలూ తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి చేతికివ్వండి.

పదహారో ప్రశ్న, "మీదేం కులమండీ?"

14, 15 ప్రశ్నలు ఎలాంటి సాయం కావాలి, ఇంట్లోవాళ్ళ అభిప్రాయం ఏమిటి అనేవి, అయిదు నిమిషాల్లో అయిపోతాయి. చివరిది, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన మనిద్దరి మధ్య అపార్థం రావచ్చు, ఆ దిగులేమైనా ఉందా అనేది. దీన్ని కౌన్సెలర్లు ఎక్కువగా దాటేస్తారు. అడగండి: "నాది వేరే ఊరు, వేరే ఇల్లు. మీరు చెప్పేది నాకు అర్థం కాదేమో అనే అనుమానం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి." నూటికి తొంభైమంది "అబ్బే, అదేం లేదండీ" అంటారు. ఫర్వాలేదు, తలుపు తెరిచి పెట్టారు.

క్లయింటే మిమ్మల్ని కులం అడిగితే తొట్రుపడకండి, "అది వ్యక్తిగతం" అని ముఖాన కొట్టినట్టూ చెప్పకండి. ఆ ప్రశ్న వెనక ఉన్నది "మీ దగ్గర చెప్పుకోవచ్చా?" అన్నది. "అడిగినందుకు సంతోషం. నేనెవరో తెలిస్తే మీకు ఏది చెప్పడం తేలికవుతుంది, ఏది కష్టమవుతుంది?" అనండి. ఆ సమాధానం విన్నాక కులం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అబద్ధం మాత్రం ఆడకండి. ఊరు చిన్నది, వారంలో తెలిసిపోతుంది.

రాసుకోవడం

సెషన్ అయిన గంటలోపు అయిదారు వాక్యాలు రాయండి. నమూనా ఇలా ఉంటుంది:

"సమస్యను 'మనాది' అంటున్నారు. మొదలు: తమ్ముడు పోయిన నెల. తన ఆలోచన: చివరిచూపుకు వెళ్ళలేకపోవడం. అత్తగారి ఆలోచన: దిష్టి. ఊరట: శుక్రవారం దర్గా, అక్క ఫోన్. కష్టం: మెట్టినింట్లో తన భాష మాట్లాడనివ్వకపోవడం. మందులు రాస్తే అత్తగారి ముందు వేసుకోలేనన్నారు. చావు ఆలోచన ఉంది, ప్రయత్నం లేదు, పాప గుర్తొచ్చి ఆగానన్నారు. చెప్పనిది: పుట్టింటి కులం."

ఇందులో "సంప్రదాయ ముస్లిం కుటుంబం", "మూఢనమ్మకాలు ఉన్నవి" లాంటి మాటలు లేవని గమనించండి. మీ ఫైలు చదివే తర్వాతి డాక్టరు ఆ మాటల్లోంచే మనిషిని చూస్తారు.

మూడో సెషన్‌లో 3, 9, 14 ప్రశ్నలు (ఎక్కువ కుంగదీసేది, గుర్తింపులో బాధ పెంచేది, కావలసిన సాయం) మళ్ళీ అడగండి. మొదటిరోజు చెప్పినదానికీ ఇప్పటికీ తేడా వస్తే పాతదాన్ని కొట్టేయకుండా పక్కనే తేదీ వేసి కొత్తది రాయండి.